కాలని పొద

కొండ తగలబడిన రోజున పోయింది ఒక్క ప్రాణం. మంటల కాపలా టవర్ మీద ఏళ్ళ తరబడి కూర్చున్న పెద్దాయనది. నిజానికి ఆ రోజు ఆయనకి సెలవు. ఇంటిపట్టున ఉండవలసిన మనిషి, పొగ చూసి, గోనెసంచి తడిపి భుజాన వేసుకుని తూర్పు వాలు ఎక్కాడు. మళ్ళీ దిగలేదు.

సాయంత్రానికి అక్క చెల్లెలికి ఫోన్ చేసింది. కొండ కింద ఉన్న పరిశోధన కేంద్రంలో ఆవిడ మొక్కల శాస్త్రవేత్త. నీళ్ళు లేని ఆ రాతి కొండ మీద నడుము ఎత్తు దాటని ముళ్ళ పొదల మధ్యే ఆవిడ సగం జీవితం గడిచింది.

"చిట్టీ, బాబాయ్ పోయాడే," అంది. పెద్దాయన్ని ఆ వరసతోనే పిలిచేది. తర్వాత, "నువ్వు రా. పోలీసులు ఏదో ఒకటి రాసేసి చేతులు దులుపుకుంటారు. నువ్వు చూసి చెబితేనే నాకు నమ్మకం," అంది.

చెల్లెలు పోలీసు ఉద్యోగం వదిలేసి డిటెక్టివ్‌గా పని చేస్తోంది. చేతిలో ఉన్న పనులన్నీ పక్కన పెట్టి మర్నాడే వచ్చింది. అక్క పిలిస్తే రాకుండా ఉండటం ఆమెకి చేతకాదు. అమ్మ పోయిన ఏడాది నుంచి ఆమెకి జడలు వేసిందీ, లెక్కలు చెప్పిందీ, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ మార్చిందీ అక్కే.

అది జరిగి వారమైంది. ఈ వారంలో పోలీసులు కొండ మీద మందని మేపే మేకలాయన్ని పట్టుకున్నారు. మేకలకి లేత చిగుళ్ళు కావాలని పొదలకి నిప్పు పెట్టాడనీ, ఆ మంటలో పెద్దాయన పోయాడనీ కేసు. రేపు పది గంటలకి అక్క ఆయనకి వ్యతిరేకంగా మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇస్తుంది. అదయ్యాక మేకలాయన బయటపడే దారి లేదు.

డిటెక్టివ్ ఉదయమే స్టేషన్‌కి వెళ్ళింది. మేకలాయన కటకటాల వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి, బక్కపలచగా ఉన్నాడు. ఆమెని చూసి లేవలేదు.

"ఆవిడ చెల్లెలు గదా మీరు?"

"అవును."

"అయితే నన్నడగడం దేనికి? ఇంటికెళ్ళి మీ అక్కనే అడగండి."

"మిమ్మల్నే అడుగుతున్నాను. మీ మంద రోజూ తూర్పు వాలు మీదే మేస్తుంది. కాలింది ఆ వాలే. కానీ మీ మేకల్లో ఒక్కదానికి బొచ్చు కూడా కమరలేదు. ఎందుకని?"

"పడమటి వాలుకి తోలాను గనక."

"ఎప్పట్నుంచి?"

"మంటకి ముందు ఒకరోజు నాలుగు చినుకులు పడ్డాయి చూడండి, ఇలా పడి అలా ఆగిపోయాయి. ఆ రోజు పొద్దుటినుంచి."

"ఉన్నట్టుండి ఎందుకు మార్చారు?"

మేకలాయన నవ్వాడు. పై పెదవి వాచి ఉండటంతో నవ్వు ఒక పక్కకే వచ్చింది. "ఇదే మాట ఇన్‌స్పెక్టర్ బాబుకి చెబితే ఇదిగో, ఇది బహుమతి. మీకూ చెప్పమంటారా?"

"నేను కొట్టను."

"కొట్టరు. నమ్మరు కూడా." కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మీ అక్కకీ నాకూ ఈనాటి గొడవ కాదమ్మా. నా మేకలు ఆవిడ మొక్కల్ని కొరుకుతాయని ఆవిడ ఏడుపు. ఆవిడ కేకలకి నా మేకల పాలు ఇంకిపోతాయని నా ఏడుపు. మా ఆవిడ కూడా నన్నన్ని తిట్లు తిట్టలేదు. అట్లాంటి మనిషి ఆ పొద్దున దొడ్డి దాకా వచ్చి 'అన్నా' అంది. నాకు గుండాగినంత పనైంది. 'అన్నా, ఈ వారం మందని అవతలికి తోలుకో, పైన నాకు కాస్త పనుంది' అంది. ఎప్పుడూ కర్ర తీసుకుని వచ్చే మనిషి మంచిగా అడిగితే కాదంటామా? తోలుకెళ్ళాను."

"మీతో మాట్లాడి ఏడాది దాటిందని మా అక్క చెప్పింది."

"చెప్పింది. ఈ గదిలోనే, నా ఎదురుగానే చెప్పింది. నా మొహంలోకి మాత్రం చూడలేదు."

"మా అక్క అబద్ధం చెప్పదు."

"నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. తిడితే తిట్టేది గానీ, ఉన్నదే తిట్టేది."

డిటెక్టివ్ కుర్చీ వెనక్కి జరిపి లేచింది. ఈ మనిషి తప్పించుకోవడానికి ఎవరి పేరు దొరికితే ఆ పేరు లాగుతున్నాడని ఆమెకి ఒళ్ళు మండింది. తలుపు దాకా వెళ్ళాక వెనకనుంచి గొంతు వినిపించింది.

"తల్లీ, మందని ఎవరు చూస్తున్నారో కాస్త కనుక్కుంటావా? మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. వాటి వెనక పరిగెత్తలేదు."

కనుక్కుంటానని చెప్పి బయటికొచ్చింది.

తూర్పు వాలు మొదట్లో ఇన్‌స్పెక్టర్ జీపుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఆమె కింద పని నేర్చుకున్నవాడు. వేలిముద్ర చెరగకుండా ఎత్తడం అతనికి నేర్పింది ఆమే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది గనక అతను ఎప్పుడూ నవ్వుతూనే మాట్లాడతాడు.

"రండి మేడమ్. బూడిద చూడ్డానికి ఇంత దూరమా? మీ అక్కయ్యగారేమో నాకు సాక్షి. మీరేమో నా ముద్దాయి దగ్గర పొద్దున్నే కబుర్లు. ఒకే ఇంట్లో ఎలా సర్దుకుంటున్నారు మీరిద్దరూ?"

"పెదవి వాచేలా కొట్టుకోకుండా సర్దుకుంటున్నాం."

అతని నవ్వు కాస్త తగ్గింది. ఇద్దరూ ఎక్కడం మొదలుపెట్టారు. మట్టి నల్లగా, పొడిగా ఉంది. కాలిన పొదలు బొగ్గు పుల్లల్లా నిలబడ్డాయి. ఆ మొక్కల ఆకుల్లో నూనె ఎక్కువ. ఆ నూనె కమురు వాసన వారమైనా పోలేదు. కొన్ని మోళ్ళ అడుగున, మట్టిలోపలి దుంప నుంచి, గోరంత ఎర్రటి చిగుళ్ళు అప్పుడే వస్తున్నాయి. పురుగుల్ని పట్టి ముళ్ళకి గుచ్చి దాచుకునే పిట్ట ఒకటి తిరిగి వచ్చినట్టుంది. కాలిన ముల్లు ఒకదానికి మిడత వేలాడుతోంది.

"నిప్పు ఎక్కడ అంటుకుంది?" అని అడిగింది.

"పై అంచున. ఫైర్ వాళ్ళు రాసిచ్చారు."

"మేత కోసం కాల్చేవాడు అడుగున అంటిస్తాడు. మంట దానంతటదే పైకి పరిగెత్తుతుంది. పైన అంటిస్తే గాలికి ఎదురుగా కిందికి పాకుతుంది, మెల్లిగా. మెల్లిగా కాలాలని ఎవరు కోరుకుంటారు?"

"మెల్లిగా ఎక్కడ కాలింది మేడమ్? మధ్యాహ్నానికి వాలంతా పోయింది."

"గాలి తిరిగింది. అది అంటించినవాళ్ళు అనుకోనిది."

"మేకలవాడూ అనుకోలేదు. అందుకే కదా ఒక మనిషి పోయాడు. మీరు చెప్పేదాంట్లో వాణ్ణి వదిలిపెట్టే మాట ఒక్కటీ లేదు." ఇన్‌స్పెక్టర్ ఆగి నీళ్ళు తాగాడు. "పెద్దాయన ఆ పగిలిన బండ దగ్గర పడి ఉన్నాడు. తల కొండ పైవైపుకి. చేతిలో గోనెసంచి."

"పైకి ఎందుకు వెళ్తున్నాడు? మంట అక్కడే ఉంది కదా. ఎవరైనా కిందికి పరిగెత్తుతారు."

"చివరి నిమిషంలో మనిషికి దిక్కు తెలుస్తుందా?"

ఇరవై ఏళ్ళు ఈ కొండ మీద మంటల కోసమే చూసిన మనిషికి తెలుస్తుంది అనుకుంది ఆమె. బండ దాటి ఇంకా పైకి ఎక్కింది. ఆయన ఎటు వెళ్తున్నాడో అటే. రెండు పెద్ద రాళ్ళ మధ్యకి మలుపు తిరిగేసరికి ఆగిపోయింది.

అక్కడ ఒక పొద పచ్చగా ఉంది.

మోకాలెత్తు. చిన్న చిన్న బూడిదరంగు ఆకులు. చూడ్డానికి ఏ ప్రత్యేకతా లేదు. దాని చుట్టూ ఉన్నదంతా మాడి మసైపోయింది. దానికి మాత్రం ఒక్క ఆకు వాడలేదు.

ఆ పొద ఆమెకి తెలుసు. చాలా కాలం కిందట ఒకసారి అక్క ఆమె చెయ్యి పట్టుకుని ఇక్కడికి తీసుకొచ్చింది. ఈ రకం మొక్క ఈ కొండ మొత్తానికి ఇదొక్కటే మిగిలిందనీ, ఎక్కడుందో బయటికి తెలిస్తే పెకలించుకుపోయేవాళ్ళు వస్తారనీ చెప్పి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. బాబాయ్‌కీ నాకూ నీకూ తప్ప ఎవరికీ తెలియదు, చిట్టీ, అంది.

"అరె, ఇదెలా మిగిలిందీ?" ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. "ఓహో. చుట్టూ చెత్త లాగేశారు. ఎండుటాకు లేకపోతే మంట ఎక్కడికొస్తుంది? పెద్దాయన పనే ఇది. పాపం, చివర్లో ఈ ఒక్కదాన్నైనా కాపాడాడు."

"ఆయన పడింది కింద బండ దగ్గర. ఇక్కడిదాకా రాలేదు. చేతిలో గోనెసంచి తప్ప ఏమీ లేదు. ఇదేమో పళ్ళపారతో లాగిన నేల. పార ఏది?"

"కాలిపోయుంటుంది."

"ఇనుప పళ్ళు కూడానా?"

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. నేల మీద పల్చగా పరుచుకున్న బూడిదని నోటితో ఊదింది. అడుగున మట్టిలో దగ్గర దగ్గరగా సమానమైన గీతలు బయటపడ్డాయి. గీతల మీద అక్కడక్కడా చిన్న గుంటలు, మశూచి మచ్చల్లా.

"ఇలా కూర్చో. ఈ గీతలు పార పళ్ళవి. వీటి మీద ఈ గుంటలేమిటి?"

ఇన్‌స్పెక్టర్ కూర్చున్నాడు. వేలితో తాకబోయి, తాకకుండా ఆగాడు. అది ఆమె నేర్పిన అలవాటే.

"చినుకులు," అన్నాడు.

"చినుకులు ఎప్పుడు పడ్డాయి?"

"మంటకి ముందు. ఒక్కసారి."

"ఆ తర్వాత?"

"చుక్క లేదు." లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. ఇప్పుడు అతని మొహంలో నవ్వు లేదు. "అంటే చినుకులకి ముందే చెత్త లాగారు. మంట రాబోతోందని తెలిసినవాళ్ళు."

"మంట పెట్టబోతున్నవాళ్ళు."

"మరి లాగిన చెత్త ఏది మేడమ్? ఈ అంచు చుట్టూ గట్టులా పడి ఉండాలి కదా. కాలినా అక్కడ బూడిద మందంగా ఉండాలి. ఏమీ లేదు. ఎవరో మోసుకెళ్ళారు. ఎండుటాకుల చెత్త ఎవడికి కావాలి?"

అతను మాట పూర్తి చేసేలోపే ఆమెకి జవాబు తెలిసిపోయింది. ఆ చెత్తలో ఆ పొద గింజలుంటాయి. చెత్తని చెత్తలా చూడని మనిషి ఈ కొండ కింద ఒక్కరే ఉన్నారు. అక్క తనని 'అన్నా' అని పిలిచిందని చెప్పిన మేకలాయన గొంతు చెవిలో మళ్ళీ వినిపించింది.

"మేకలవాడికి ఈ పిచ్చి మొక్క మీద ప్రేమెందుకుంటుంది?" ఇన్‌స్పెక్టర్ తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "ఈ పొద సంగతి ఎవరెవరికి తెలుసు?"

"కనుక్కుంటాను."

"ఏ ప్రశ్నకైనా 'కనుక్కుంటాను' అనే సాక్షిని కూర్చోబెట్టి రెండోసారి అడగమని నాకు చెప్పింది మీరే."

"నేను సాక్షిని కాను."

"కాదులెండి. ఇంకా కాదు." జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "మీకు అబద్ధం చెప్పడం రాదు మేడమ్. అప్పుడూ రాదు. రేపు పది లోపల నాకు పేర్లు కావాలి. మీరివ్వకపోతే అక్కయ్యగారినే అడుగుతాను, మేజిస్ట్రేట్‌గారి ముందు."

అతను ముందు దిగిపోయాడు. ఆమె కాసేపు అక్కడే నిలబడింది. కాలిన నేలలో ఎక్కడ అడుగు వేయాలో తెలియలేదు.

అక్క పని గది పరిశోధన కేంద్రంలో చివరిది. పొడుగాటి బల్ల, దాని మీద భూతద్దం, కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టిన మొక్కలు. ఎండ వాలి కిటికీలోంచి సగం బల్ల దాకా వచ్చింది. అక్క ముతక జల్లెడలో మట్టి జల్లిస్తోంది. చెల్లెల్ని చూసి చేతులు కడుక్కుని, ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది.

"ఏమైనా తిన్నావా? మొహం పీక్కుపోయింది."

"కొండెక్కాను అక్కా."

"ఎండలో ఎందుకెక్కావే? తలకి గుడ్డైనా కట్టుకున్నావా?"

"ఆ పొద బతికే ఉంది."

అక్క ఫ్లాస్కు మూత బిగిస్తోంది. బిగించడం ఆపలేదు. "అవునా. మంచిది," అంది.

డిటెక్టివ్ టీ తాగలేదు. గ్లాసు బల్ల మీద పెట్టింది. చాలామందిని ఇలా ఎదురుగా కూర్చోబెట్టి అడిగింది. ఇంత మెల్లిగా ఎవరినీ అడగలేదు.

"వారం నుంచి రోజూ మాట్లాడుకుంటున్నాం. ఎన్ని ఎకరాలు పోయాయో చెప్పావు. గూళ్ళు పోయిన పిట్టల గురించి చెప్పావు. బల్లుల గురించి కూడా చెప్పావు. ఆ పొద ఏమైందని ఒక్కసారి అడగలేదు. వెళ్ళి చూడనూ లేదు. నాకు జ్వరమొస్తే గంటకోసారి ఒళ్ళు పట్టుకు చూసిన మనిషివి. దాన్ని నాకంటే ఎక్కువ చూసుకున్నావు. అది కాలిందో లేదో నీకు అక్కర్లేదా?"

"బాబాయ్ పోయిన బాధలో..."

"అక్కా."

డిటెక్టివ్ వంగి బల్ల కింద ఉన్న గుడ్డసంచుల్లో ఒకటి బయటికి లాగింది. ముడి విప్పి లోపల చెయ్యి పెట్టింది. ఎండుటాకులు. చిన్నవి, బూడిదరంగువి. వాటికి మసి అంటలేదు. పొగ వాసన లేదు. గుప్పెడు తీసి బల్ల మీద, జల్లెడ పక్కన పోసింది.

అక్క ఆ ఆకుల వంక చూసింది. అలవాటుగా వేలితో వాటిని విడదీయబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పై అధికారుల్ని మూడుసార్లు అడిగాను," అంది చివరికి. "ఈ గది వెడల్పంత మేర కాల్చనివ్వండి చాలు అని. అడవిని కాపాడమని ఉద్యోగమిస్తే తగలబెడతానంటావేమిటమ్మా అని నవ్వారు. ఆ గింజలు నేలలోనే ఉన్నాయి చిట్టీ. ఎన్నేళ్ళ నుంచో నిద్రపోతున్నాయి. పొగ తగిలితే తప్ప లేవవు. మంట రాకుండా కాపాడి కాపాడి వాటిని మనమే చంపుతున్నాం. తల్లి పొద ముసలిదైపోయింది. నేనూ రిటైరైపోతాను. ఆ తర్వాత దాన్ని ఎవరు చూస్తారు?"

"అందుకని చుట్టూ చెత్త లాగి, పైనుంచి అంటించావు."

"చిన్న ముక్కే అనుకున్నాను. గాలి పెద్దగా లేని రోజు చూసుకున్నాను. బాబాయ్ సెలవు రోజు చూసుకున్నాను. ఎవరూ ఉండరనే కదా." జల్లెడ పక్కకి జరిపింది. "ఆయన ఎందుకొచ్చాడో తెలుసా నీకు? నేనే చెప్పాను. ఎన్నేళ్ళుగానో చెబుతూనే ఉన్నాను. ఎప్పుడు మంటొచ్చినా మిగతాదంతా వదిలేసి ముందు దాని దగ్గరికి పరిగెత్తు బాబాయ్, అని. దాని చుట్టూ నేను శుభ్రం చేసి పెట్టానని ఆయనకి తెలియదు. చెబితే ఎందుకని అడిగేవాడు."

ఇక్కడిదాకా డిటెక్టివ్ అర్థం చేసుకోగలదు. అక్కని కౌగిలించుకుని ఏడవగలదు కూడా. అడగవలసింది ఇంకా ఉంది గనక అడిగింది.

"మేకలాయన్ని అవతలికి తోలుకోమని చెప్పావు. మేకలు చావకూడదని."

"ఊఁ."

"చెప్పలేదని స్టేషన్‌లో అన్నావు."

అక్క కిటికీ వైపు చూసింది. "మేకలు పైకి రాకూడదు," అంది. చాలా మామూలుగా, పాఠం చెబుతున్నట్టుగా. "వాన పడగానే మొలకలు లేస్తాయి. లేత మొలకలు. మంద ఒక్క పూట తిరిగిందంటే ఒక్కటి మిగలదు. రెండేళ్ళు చాలు చిట్టీ. కాండం గట్టిపడేదాకా. ఆ తర్వాత ఆయన్ని వదిలేస్తారు."

"హత్య కేసక్కా. రెండేళ్ళకి ఎవరు వదులుతారు? ఆయన వయసెంతో తెలుసా నీకు?"

అక్క బల్ల మీద రాలిన మట్టిని వేలితో ఒక చోటికి చేర్చింది.

"మరి నన్నెందుకు పిలిచావు? ఇంత చేసినదానివి, వెతికేదాన్ని ఎందుకు ఇంట్లో పెట్టుకున్నావు?"

"పోలీసులకి తేలకపోతే మళ్ళీ మళ్ళీ కొండెక్కుతారు. బూట్లతో ఆ నేలంతా తొక్కుతారు. నువ్వొచ్చి మేకలవాడే అంటే ఇంకెవరూ పైకి వెళ్ళరు. నీ మాటంటే ఆ ఇన్‌స్పెక్టర్‌కి గురి." అక్క మొదటిసారి చెల్లెలి కళ్ళలోకి చూసింది. "నేను చెబితే నువ్వు మళ్ళీ వెతకవనుకున్నాను. చిన్నప్పట్నుంచీ నా మాట మీద నువ్వు రెండో ప్రశ్న వెయ్యలేదు."

అది నిజం. ఆ నిజాన్ని అక్క ఇన్నేళ్ళుగా చూసి, గుర్తుపెట్టుకుని, ఒక రోజు అవసరానికి తీసి వాడుకుంది. డిటెక్టివ్‌కి ఏడుపు రాలేదు.

"రేపు నువ్వే చెప్పు అక్కా. జరిగింది జరిగినట్టు."

"వాన పడనీ. ఒక్క వాన. ఆ తర్వాత నువ్వు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను."

"వాన ఎప్పుడు పడుతుంది?"

"ఈ కొండ మీద ఎవరు చెప్పగలరు?" అక్క బల్ల మీద ఆకులని జాగ్రత్తగా అరచేత్తో దగ్గరికి చేసి, ఒక్కటి కూడా కింద పడకుండా తిరిగి సంచిలో పోసింది. ముడి వేసింది. "నువ్వు చెప్పవులే చిట్టీ," అంది, ముడి బిగిస్తూ. అడగలేదు, బతిమాలలేదు. తెలిసిన విషయం చెప్పినట్టు చెప్పింది.

డిటెక్టివ్ ఆ సంచి తీసుకుంది. అక్క ఆపలేదు. దాన్ని చంకన పెట్టుకుని వసారా దాటి, మెట్లు దిగి, కారు వెనక సీట్లో పెట్టి తాళం వేసింది. డ్రైవర్ సీట్లో కూర్చుంది. స్టేషన్‌కి వెళ్ళే దారి కుడివైపు.

సంచి కారులో ఉంది. మేకలాయన కటకటాల వెనకే ఉన్నాడు. అక్క వాంగ్మూలం రేపు ఉదయం. ఆ పొద సంగతి తెలిసినవాళ్ళ పేర్లు ఆమె ఇన్‌స్పెక్టర్‌కి ఇంకా ఇవ్వలేదు.